కట్ట ఎత్తు (మీ.)

ఆ సోమవారం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఫారం నింపి, తొమ్మిదింటికి పోస్టులో వేసి, పదింటికల్లా షాపు తెరిచి, హోటలు వాళ్ళ కిటికీ తెరలకు అంచులు కుట్టడం మొదలుపెట్టాలి. ఫారం రెండు పేజీలు. తెరలు ముప్పై రెండు. ఏది ఎక్కువ సమయం తింటుందనే విషయంలో అతనికి ఎలాంటి అనుమానమూ లేదు.

ఫారం నీటి శాఖ నుంచి వచ్చింది. సొంత భూమిలో మట్టికట్టలు ఉన్నవాళ్ళందరూ వాటిని నమోదు చేయించుకోవాలని కొత్త నిబంధన. టైలరుకి ఊరికి ఎగువన కాస్త భూమి, అందులో ఒక వాగు, వాగుకి అడ్డంగా ఒక మట్టికట్ట ఉన్నాయి. కట్ట వాళ్ళ నాన్న వేసింది. జానెడు మట్టి పోయడం, నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ జానెడు పోయడం. అలా రెండు వేసవులు పట్టింది. చూసేవాళ్ళకి అదొక గట్టు, దాని వెనకొక మడుగు, అంతే. అయితే వానాకాలంలో మూడు రోజుల్లో పారిపోవలసిన వాగునీటిని ఆ గట్టు పట్టి ఉంచేది. ఆ నీరు మెల్లగా నేలలోకి ఇంకి, వేసవి చివరిదాకా దిగువ బావుల్లో ఊరుతూ ఉండేది.

ఆ బావుల్లో మొదటిది మొక్కల నర్సరీ నడిపే ఆవిడది. టైలరు ఆమెని అక్కా అంటాడు. ఆమె మామూలుగా తమ్ముడూ అంటుంది, కోపం వచ్చినప్పుడు టైలరూ అంటుంది.

కొలతలు ఆదివారమే తీసుకున్నారు. భార్య కింద వెదురుగడ నిలబెట్టి పట్టుకుంటే, టైలరు మెడలోని టేపుతో దాన్ని పై నుంచి కిందికి కొలిచాడు. గుడ్డ కోసేముందు రెండుసార్లు కొలవడం అతని అలవాటు కాబట్టి దీన్నీ రెండుసార్లు కొలిచాడు. ఎత్తు పన్నెండు అడుగులు. పొడవు నూట యాభై.

సోమవారం కాఫీ తాగుతూ ఇద్దరూ ఫారం ముందేసుకుని కూర్చున్నారు.

"కట్ట ఎత్తు, బ్రాకెట్లో మీ, పక్కనొక చుక్క. ఇదేంటి?" అంది భార్య.

"మీ కట్ట ఎత్తు ఎంత అని. మీ అన్నది ముందు రాయడం మర్చిపోయి తర్వాత ఇరికించినట్టున్నారు."

"మరి చుక్కెందుకు?"

"గౌరవానికి."

పొడవు దగ్గరా, వెడల్పు దగ్గరా కూడా అదే మీ, అదే చుక్క ఉన్నాయి. ఇంత మర్యాదగా మాట్లాడే ఆఫీసు ఈ రోజుల్లో ఇంకా ఉన్నందుకు టైలరు సంతోషించి, ఎత్తు దగ్గర 12 అనీ, పొడవు దగ్గర 150 అనీ వేశాడు. 'కట్ట దిగువన నివసించేవారి గురించి' అని ఒక గడి ఉంది. కాసేపు ఆలోచించి 'అందరూ మంచివాళ్ళే' అని రాశాడు. తొమ్మిదింటికి పోస్టులో వేశాడు. పదింటికి షాపు తెరిచాడు. పథకం ప్రకారం జరిగింది అంతవరకే.

పదిహేను రోజులకి రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. షాపులో కుట్టు మిషను ముందు నిలబడి భార్యే పైకి చదివింది.

"పన్నెండు మీటర్ల ఎత్తు, నూట యాభై మీటర్ల పొడవు గల మీ ఆనకట్టను పెద్ద ఆనకట్టల జాబితాలో చేర్చడమైనది. యజమాని అయిన మిమ్మల్ని ప్రధాన నిర్వహణాధికారిగా నియమించడమైనది." అక్కడ ఆగి భర్తని పై నుంచి కింది దాకా చూసింది. "మిమ్మల్నే."

"ఇంకా ఏముంది?"

"ముప్పై రోజుల్లో సైరను పెట్టాలట. ప్రజల తరలింపు ప్రణాళిక పంపాలట. ఒక పడవ ఉండాలట."

టైలరు మిషను ఆపాడు. ప్రధాన నిర్వహణాధికారి అన్న మాట చెవిలో ఓ క్షణం బాగానే మోగింది. ఆ తర్వాత పన్నెండు మీటర్లు అన్న మాట మెల్లగా లోపలికి దిగింది. మీటరంటే ఎంతో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పన్నెండు మీటర్ల గుడ్డ పెడితే నాలుగు కిటికీలకి నిండుగా తెరలొస్తాయి. ఆ తాను నిలువుగా ఎత్తి పట్టుకుంటే హోటలు మూడో అంతస్తు దాటిపోతుంది.

"మీ అంటే మీ కాదు," అన్నాడు నీరసంగా.

"మరి చుక్క?" అంది భార్య.

మర్నాడు షాపు మూసి నీటి శాఖ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటరు వెనక గుమాస్తా శాంతమైన మనిషి. విషయమంతా విని, రిజిస్టరు తీసి, టైలరు పేరున్న వరుస మీద స్కేలు పెట్టాడు.

"అంటే ఎత్తు తగ్గించాలంటారు."

"తగ్గించడం కాదండీ, ఉన్నదే అంత. పన్నెండు అడుగులు. మూడున్నర మీటర్ల పైన కాస్త."

"రిజిస్టర్లో పన్నెండు మీటర్లుంది. ఇప్పుడు మూడున్నరంటున్నారు. మిగతా ఎనిమిది మీటర్ల చిల్లర ఏమైంది?"

"అది ఎప్పుడూ లేదండీ."

"లేదనడానికి వీల్లేదు, ఇక్కడ ఉంది," అని గుమాస్తా స్కేలుతో చూపించాడు. "అనుమతి లేకుండా పెద్ద ఆనకట్ట ఎత్తు తగ్గించడం నేరమండీ. కూల్చిన మట్టి ఎక్కడ పోశారో కూడా చెప్పాల్సొస్తుంది."

"నేను తప్పు రాశానండీ."

"ఆ మాట నాతో అనకండి. తప్పుడు సమాచారం ఇచ్చానని ఒప్పుకుంటే దానికి వేరే ఫారం ఉంది. అది నింపిన వాళ్ళెవరూ మళ్ళీ ఇటు రాలేదు." గుమాస్తా గొంతు తగ్గించాడు. "మీ మంచి కోరి చెప్తున్నా. కట్ట తగ్గించుకోవడం కన్నా సైరను పెట్టుకోవడం తేలిక."

అయితే కట్టల తనిఖీ చూసే ఇంజనీరమ్మని కలుస్తానన్నాడు టైలరు. ఆవిడ తనిఖీల మీద తిరుగుతోందని, రావలసినప్పుడు ఆవిడే వస్తుందని చెప్పాడు గుమాస్తా.

సైరను సంగతి బావమరిది చూసుకున్నాడు. బావమరిది బస్సు కండక్టరు, ఎక్కడ ఏ వస్తువు ఊరికే పడి ఉందో తెలిసిన మనిషి. మూతపడ్డ నూలు మిల్లు నుంచి షిఫ్టు సైరను సంపాదించి, కట్ట చివర గుంజ పాతి బిగించాడు. పని చేస్తోందో లేదోనని ఒక్కసారి మోగించి చూశాడు. మిల్లులో పని చేసి రిటైరైన పెద్దవాళ్ళిద్దరు అన్నం డబ్బాలు పట్టుకుని వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి వెళ్ళారు.

తరలింపు ప్రణాళిక కూడా బావమరిది సలహాతోనే తయారైంది.

"జనాన్ని దించడం, ఎక్కించడం నాకొదిలెయ్ బావా. ఎక్కడికి పంపాలో మాత్రం నువ్వు చెప్పు," అన్నాడు.

ప్రణాళికలో ఒక గడి ఉంది. ముంపు సమయంలో ప్రజలు చేరవలసిన ఎత్తైన ప్రదేశం. టైలరు చాలాసేపు ఆలోచించాడు. ఆ చుట్టుపక్కల నేలంతా చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. చదును కానిది ఒక్కటే. నిజం తప్ప ఏమీ రాయకూడదని ఈసారి గట్టిగా అనుకున్నాడు కాబట్టి, ఆ గడిలో 'కట్ట' అని రాశాడు. ఆఫీసువాళ్ళు దాని మీద ఆమోదించడమైనది అని ముద్ర వేసి పంపారు.

పడవ గురించి ఎవరూ మళ్ళీ అడగలేదు. అందరి దృష్టీ నోటీసుల మీదకి మళ్ళింది. పన్నెండు మీటర్ల ఆనకట్ట తెగితే నీరు ఎంతదూరం పోతుందో లెక్కకట్టే సూత్రం ఒకటి శాఖ దగ్గర ఉంది. ఆ సూత్రం ప్రకారం బజారు వీధి, బడి, బస్టాండు, టైలరు షాపు అన్నీ మునుగుతాయి. కాబట్టి ఇంటింటికీ నోటీసు వెళ్ళింది. మీరు పెద్ద ఆనకట్ట దిగువన నివసిస్తున్నారు, సైరను మోగగానే ఫలానా ఎత్తైన ప్రదేశానికి చేరుకోవలెను. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న జనానికి తమ నెత్తిన ఒక పెద్ద ఆనకట్ట ఉందని అప్పుడే తెలిసింది. తెలియగానే ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఆదివారం మందుల షాపాయన పదిమందిని వెంటేసుకుని కట్ట చూడడానికి వచ్చాడు. ఆయన బజారు వీధి సంఘానికి కార్యదర్శి. టైలరు అప్పుడు కట్ట మీద మొలిచిన ముళ్ళకంపలు పీకుతున్నాడు.

"ఆనకట్ట ఎక్కడండీ?" అనడిగాడు మందుల షాపాయన.

"మీరు నిలబడింది దాని మీదే."

ఆయన తన చెప్పులకేసి చూసుకున్నాడు. తర్వాత నీళ్ళకేసి చూశాడు. నీళ్ళలో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఇది కాదండీ. పెద్దది."

"ఉన్నది ఇదొక్కటే."

"నోటీసులో పన్నెండు మీటర్లని ఉంది."

"నోటీసులోనే ఉందండీ."

మందుల షాపాయన తల పంకించాడు. సగం చెప్పి సగం దాచే రోగుల్ని రోజూ చూసే మనిషి ఆయన. వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "అంటే మిగతా ఎనిమిది మీటర్లు భూమిలో ఉందన్నమాట. మనకి కనిపించేది కొసే," అన్నాడు. సాయంత్రానికల్లా బజారు వీధిలో కట్టతోపాటు నీరు కూడా చాలావరకు భూమిలోనే దాగి ఉందని తేలిపోయింది. సోమవారం అర్జీ తయారైంది. ఆనకట్టను తక్షణమే ఖాళీ చేయించవలెను. మూడు వందల సంతకాలు. వాటిలో టైలరు దగ్గర చొక్కాలు కుట్టించుకునేవాళ్ళవే సగం.

శాఖ ఈసారి ఆలస్యం చేయలేదు. గురువారం పదకొండు గంటలకి ఇంజనీరు సమక్షంలో తూము తెరిచి నీరంతా వదిలెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. తూము తెరిచే ముందు ఎలాగూ సైరను మోగించాలి కాబట్టి తరలింపు అభ్యాసం కూడా అప్పుడే కానిచ్చేస్తే జీపు రెండుసార్లు తిప్పక్కర్లేదని అందులోనే రాశారు.

ఆ కాగితం చూపించడానికి టైలరు నర్సరీకి వెళ్ళాడు. ఆవిడ చిన్న సంచుల్లో మట్టి నింపుతోంది. చేతులు తుడుచుకుని, కాగితం రెండుసార్లు చదివి, తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఇది ఏ నెల, టైలరూ?"

వానలు రావడానికి ఇంకా రెండు నెలలుంది.

"నలభై వేల మొక్కలున్నాయి ఇక్కడ. పూటకి రెండు గంటలు తోడితే అందరికీ గొంతు తడుస్తుంది. మీ మడుగు ఎండిన వారానికి నా బావి ఎండుతుంది. ఆపైన ఎన్ని రోజులు బతుకుతాయనుకున్నావ్?"

"అక్కా, అంతా నా పొరపాటే."

"నువ్వు కాజా వంకరగా కుడితే నేనే విప్పి మళ్ళీ కుట్టుకుంటా. దీన్నెలా విప్పమంటావ్?"

ఆవిడ మళ్ళీ సంచుల ముందు కూర్చుంది. గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదనుకున్నాడు టైలరు. ఇంటికి వెళ్ళకుండా కట్ట ఎక్కి తూము పక్కన కూలబడ్డాడు. రెండు వేసవులు మోసిన మట్టి. దిమ్మిస పట్టీ పట్టీ వాళ్ళ నాన్న అరచేతులు గట్టిపడిపోయి, చివరి రోజుల్లో సూదిలో దారం ఎక్కించబోతే సూది ఉన్నట్టే తెలిసేది కాదు. అదంతా ఒక అక్షరమూ ఒక చుక్కా కలిసి తుడిచిపెట్టబోతున్నాయి. భార్య వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"గురువారం ఆవిడ వస్తుందిగా. ఆవిడకి కళ్ళుంటాయిగా," అంది.

"గుమాస్తాకీ ఉన్నాయి," అన్నాడు టైలరు.

గురువారం పదిన్నరకి బావమరిది సైరను మోగించాడు. మోగడం బాగానే మోగింది, ఆపడం మాత్రం అతనికి తెలియలేదు. బజారు వీధి జనం నోటీసులో చెప్పినట్టే, పిల్లల్నీ ముసలివాళ్ళనీ ముందు పెట్టుకుని, ముఖ్యమైన సామాను చేతబట్టుకుని ఎత్తైన ప్రదేశానికి బయల్దేరారు. బావమరిది విజిలు వేసి వాళ్ళని వరసలో నడిపించాడు. "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి, మధ్యలో చాలా ఖాళీ ఉంది," అంటూ కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా సర్దాడు.

పదకొండుకి జీపు వచ్చింది. ఇంజనీరమ్మ చిన్న వయసుది. దిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కట్ట మీద భుజం భుజం ఆనించుకుని నిలబడ్డ మూడు వందల మందిని చూసింది. ఒకాయన టీవీ పట్టుకుని ఉన్నాడు.

"వీళ్ళంతా ఎవరు?"

"ఆనకట్ట నుంచి తప్పించుకోవడానికి వచ్చారండీ," అన్నాడు టైలరు.

"ఎక్కడికి?"

"ఆనకట్ట మీదికి."

ఆవిడ తన ఫైలు తీసి ప్రణాళిక చూసింది. గడి చూసింది. దాని కింద తమ ఆఫీసు ముద్ర చూసింది. ఫైలు మూసేసి, "తూము ఎక్కడ?" అంది.

తూము మీద నర్సరీ ఆవిడ కూర్చుని ఉంది. పలకని పైకెత్తే ఇనుప కడ్డీని రెండు చేతులతో చుట్టుకుని, కాళ్ళు బారజాపుకుని మరీ కూర్చుంది. జీపులో వచ్చిన ఇద్దరు పనివాళ్ళు దగ్గరికి వెళ్ళి, ఆవిడ చూసిన చూపుకి ఆగిపోయారు.

"లేవండమ్మా. ఉత్తర్వుంది," అంది ఇంజనీరమ్మ.

"ఉత్తర్వుంటే దాంతోనే ఎత్తుకోండి. కడ్డీ మాత్రం నా దగ్గరే ఉంటుంది."

ఇంజనీరమ్మ వాదించలేదు. ఆవిడ నింపవలసిన పత్రంలో మొదటి గడి 'ఖాళీ చేయక ముందు ఆనకట్ట ఎత్తు' అన్నది. ఈ గొడవ తెమిలేలోగా ఆ పని చూద్దామని కొలబద్ద తెప్పించింది. కొలిచింది. కొలబద్దని తిప్పి చూసి మళ్ళీ కొలిచింది. పనివాణ్ణి కట్ట కింద ఇంకొక చోట నిలబెట్టి మూడోసారి కొలిచింది.

"మూడు మీటర్ల అరవై ఆరు సెంటీమీటర్లు," అంది మెల్లగా. "మిగతాది ఎక్కడ?"

"మీ ఆఫీసులో ఉందండీ," అన్నాడు టైలరు.

ఆ మాట అనేశాక అతనికే భయం వేసింది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. టైలరు ఏం రాశాడో, ఎందుకు రాశాడో, గుమాస్తా ఏమన్నాడో అంతా విన్నది. మీ పక్కన చుక్క గౌరవానికి అనుకున్నానని అతను చెప్పినప్పుడు కొంగ ఉన్న వైపు తిరిగి కాసేపు దాన్నే చూసింది.

"ఐదు మీటర్ల లోపు కట్టలు మా లెక్కలోకి రావండీ. మీరు అసలు నమోదు చేయించనక్కర్లేదు," అంది ఇటు తిరిగాక.

"మరి ఫారం పంపారు కదండీ?"

"ఐదు మీటర్ల లోపు ఉన్నట్టు మాకు తెలియాలి కదా."

తర్వాత ఉత్తర్వు తీసి, అందరికీ వినబడేలా గొంతు సవరించుకుంది. "పన్నెండు మీటర్ల ఆనకట్టని ఖాళీ చేయమని ఉంది. అలాంటిది ఇక్కడ లేదు. లేనిదాన్ని నేను ఖాళీ చేయలేను. జాబితాలోంచి కూడా తీయిస్తాను."

కట్ట మీద జనంలో కలకలం బయల్దేరింది. మందుల షాపాయన ముందుకి వచ్చాడు. ఎండలో నిలబడి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "మూడు వందల మందిమి సంతకాలు పెట్టామండీ. సామాను మోసుకొచ్చాం. ఇప్పుడు లేదంటే ఎలా? చిన్నదైతే చిన్నదే ఖాళీ చేయించండి."

"మీ బజారు వీధికి నీళ్ళెక్కడివి?" అనడిగింది ఇంజనీరమ్మ.

"మా బావివి. ఎంత ఎండాకాలమైనా ఎండదు. మా నేల మంచిది."

"రండి," అని ఆవిడ ఆయన్ని నర్సరీ బావి దగ్గరికి తీసుకెళ్ళింది. లోపలికి చూపించింది. ఇంత ఎండలోనూ ఎనిమిది అడుగుల లోతులో నీరు తళతళలాడుతోంది. తర్వాత చేత్తో ఒక గీత గీసినట్టు చూపించింది. ఈ మడుగు, ఈ బావి, అదిగో కూరగాయల తోట బావి, దాని తర్వాత వాళ్ళ బజారు బావి. అన్నీ ఒకే ఊట మీద ఉన్నాయి. "నేలది కాదండీ మంచితనం, ఈ గట్టుది. దీన్ని ఇవాళ వదిలేస్తే నెల తిరక్కుండా మీ బావిలో బకెట్టు నేలకి తగులుతుంది. పర్లేదంటే చెప్పండి, తెరిపిస్తాను."

మందుల షాపాయన బావిలోకి చాలాసేపు చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అర్జీ ఇమ్మని ఇంజనీరమ్మని అడిగి, దాన్ని బావి గట్టు మీద పరిచాడు. 'ఖాళీ చేయించవలెను' అన్న చోట 'లెను' కొట్టేసి 'లదు' అని రాశాడు. మూడు వందల సంతకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద తేదీ సరిచేసి ఆవిడకి తిరిగి ఇచ్చాడు.

"మా సంఘం మొదట్నుంచీ ఇదే అంటోంది," అన్నాడు.

అప్పుడు గానీ నర్సరీ ఆవిడ కడ్డీ వదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే టైలరు భార్య చెయ్యి అందించింది. ఆవిడ నేరుగా బావి దగ్గరికి వెళ్ళి, తోడి, ఎండకి సొమ్మసిల్లుతున్న జనానికి చెంబులతో నీళ్ళు పోసింది. పోస్తూనే, మొక్కలు తొక్కితే ఊరుకోనని ఒక్కొక్కరికీ చెప్పింది. టీవీ ఆయన దాన్ని కాసేపు నీడన పెట్టుకోవచ్చా అనడిగితే గులాబీ మొక్కల పక్కన చోటు చూపించింది.

టైలరు చివరగా వెళ్ళి నిలబడ్డాడు. చెంబు చేతికిస్తూ, "తాగు తమ్ముడూ," అంది. అతను ఆ నీళ్ళు గుటక గుటకకీ ఆగి తాగాడు.

ఇంజనీరమ్మ మాట నిలబెట్టుకుంది. మూడు వారాలకి శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. టైలరు హోటలు తెరల్లో చివరిదాని అంచు కుడుతున్నాడు. భార్య కవరు చింపి పైకి చదివింది.

"విచారణ అనంతరం, మీ ఆనకట్టను జాబితా నుంచి తొలగించడమైనది." ఇద్దరూ గట్టిగా ఊపిరి వదిలారు. "అయితే," అని ఆమె కాగితం వెనక్కి తిప్పింది. "అయితే, ప్రధాన నిర్వహణాధికారిగా ఒకసారి నియమితులైన వారిని తొలగించు నిబంధన లేనందున, ప్రస్తుతం ఆ పదవి ఖాళీగా ఉన్న ముప్పై ఒక్క మీటర్ల ఎగువ ఆనకట్టకు మిమ్మల్ని బదిలీ చేయడమైనది. అందలి పద్నాలుగు గేట్లూ ఇకపై మీ ఆధీనంలో ఉండును."

టైలరు మిషను మీద నుంచి కాలు తీశాడు.

"ఎప్పుడు చేరాలట?"

భార్య కాగితం వెలుతురుకి పెట్టి చూసింది. తేదీ వేసే ఉంది. అది నిన్నటిది.